తప్పు నల్లరేగడిదా?

అమెరికాలో అలబామా రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రంలో లౌండ్స్ అని ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే పాలనలో మన జిల్లా లాంటిది. జనం మటుకు మన మండలమంత కూడా లేరు. 2020 జనాభా లెక్కల్లో తేలింది 10,311 మంది. నేల చూస్తే దాదాపు 1,880 చదరపు కిలోమీటర్లు. పదిమందిలో ఏడుగురు నల్లవాళ్ళు. ప్రపంచంలోకెల్లా డబ్బున్న దేశం గదా. ఆ దేశంలో, ఆ కౌంటీలో, చాలా ఇళ్ళ పాయిఖానా నీళ్ళు ఒక పైపులోంచి ఇంటి వెనక గుంటలోకి పోయి నిలబడతాయి. వాన పడితే ఆ మురుగు తిరిగి స్నానాల తొట్టిలోకే ఎగదన్నుతుంది.

ఎందుకు ఇట్లా ఉంది అని అడిగితే అధికారులు చెప్పే సమాధానం ఒకటుంది. అక్కడి మట్టి మంచిది కాదంట. బంకమట్టి, నీళ్ళు ఇంకవంట. అంటే తప్పు సర్కారుది కాదు, భూస్వాములది కాదు, మట్టిది!

ఈ సమాధానాన్ని మేం ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో చెప్పటానికే ఇది రాస్తున్నాం. "అమెరికా గొడవ మనకెందుకయ్యా, మన గొడవలు తక్కువయ్యాయా?" అనేవాళ్ళకి ముందే ఒక మాట. 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని సంఘం పెట్టుకున్నారు. ఆ పేరు అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి వచ్చింది. బ్లాక్ పాంథర్లు 1966 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో సంఘం పెట్టినప్పుడు ఆ నల్లచిరుత గుర్తుని ఎక్కణ్ణించి తెచ్చుకున్నారో తెలుసా? ఈ లౌండ్స్ కౌంటీ నుంచి. పత్తి తీసే కూలీల దగ్గర్నుంచి. చిరుత బొమ్మ చొక్కాల మీద వేసుకుని తిరిగే మన కుర్రాళ్ళు ఆ చిరుత పుట్టిన ఊరి సంగతి తెలుసుకోవద్దా?

మట్టి ఎప్పుడు మంచిది, ఎప్పుడు చెడ్డది?

కోట్ల ఏళ్ళ కిందట ఆ ప్రాంతం సముద్రం. సముద్రం వెనక్కి పోయాక కింద సుద్దరాయి మిగిలింది. దాని మీద నల్లమట్టి ఏర్పడింది. అలబామా నడుమ నుంచి పక్కనున్న మిసిసిపీ రాష్ట్రం దాకా మొలతాడులాగా సాగే ఈ నేలని బ్లాక్ బెల్ట్ అంటారు. లౌండ్స్ ఆ నేలలోదే. ఉత్తరాన అలబామా నది హద్దు. తడిస్తే ఉబ్బి జిగురుగా పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి చేలో దిగినవాళ్ళకి ఈ మట్టి గుణం మేం చెప్పాల్సిన పనిలేదు.

ఈ నేల మొదట తెల్లవాళ్ళదీ కాదు, నల్లవాళ్ళదీ కాదు. మస్కోగీలనే మూలవాసులది. వాళ్ళనే క్రీకులు అనీ అంటారు. 1813 డిసెంబరులో అమెరికా సైన్యం ఇక్కడే వాళ్ళ పుణ్యస్థలం మీద పడింది. 1814 ఒప్పందంలో కోట్ల ఎకరాలు రాయించుకుంది. 1830లో కౌంటీని ఏర్పాటు చేసి, దక్షిణ కరొలినాకి చెందిన విలియం లౌండ్స్ అనే చట్టసభ సభ్యుడి పేరు పెట్టారు. నేల ఒకరిది, పేరు ఇంకొకరిది. చాకిరీ మూడోవాళ్ళది.

ఆ మూడోవాళ్ళు బానిసలు. 1860 లెక్కల్లో కౌంటీలో ఇరవై ఏడు వేల పైచిలుకు జనముంటే అందులో పందొమ్మిది వేల పైచిలుకు మంది బానిసలే. వాళ్ళ చెమటతో, వాళ్ళ పిల్లల్ని అమ్ముకున్న డబ్బుతో లౌండ్స్‌బరో అనే ఊళ్ళో కట్టిన తెల్ల స్తంభాల బంగళాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. యాత్రికులు వెళ్ళి చూసి మెచ్చుకుంటారు.

ఆ రోజుల్లో ఈ మట్టిని ఎవరన్నా చెడ్డమట్టి అన్నారా? అనలేదు. పత్తికి ఇంతకు మించిన నేల లేదన్నారు. దాని కోసం మూలవాసుల్ని తరిమారు, మనుషుల్ని సంకెళ్ళతో నడిపించుకొచ్చారు. మట్టి మారలేదు. అప్పుడు ఆ మట్టి మీద పండింది తెల్ల ఆసామి పత్తి, ఇప్పుడు ఆ మట్టిలో ఇంకాల్సింది నల్లవాళ్ళ ఇంటి మురుగు. తేడా అంతే. ఆసామికి లాభమొచ్చినన్నాళ్ళూ బంగారం, పేదవాడికి సర్కారు ఖర్చు పెట్టాల్సొచ్చేసరికి పనికిమాలిన మట్టి!

తాళం వేసింది ఎవరు?

1865లో బానిసత్వం పోయింది. భూమి మాత్రం రాలేదు. పాత ఆసామి దగ్గరే సగపాలుకి చేశారు. విత్తనం అతనిచ్చిందే, కొట్టు అప్పు అతనిదే, కాటా అతనిదే, లెక్క రాసేదీ అతనే. పంట చివర చేతికొచ్చేది ఇంకో ఏడాది అప్పు. మన తాతలు నాగు కింద ధాన్యం తెచ్చుకుని ఏళ్ళ తరబడి తీర్చినట్టే.

యుద్ధం తర్వాత కొన్నేళ్ళు నల్లవాళ్ళు ఓటేశారు, పదవులకి గెలిచారు. అది ఆసాములకి గిట్టలేదు. 1901లో అలబామాకి కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. ఆ సభకి అధ్యక్షుడైన జాన్ నాక్స్ దాపరికం లేకుండానే చెప్పాడు, తెల్లవాళ్ళ పెత్తనాన్ని చట్టబద్ధంగా నిలబెట్టటమే తమ పని అని. ఓటుకి చదువు పరీక్ష పెట్టారు, ఆస్తి షరతు పెట్టారు, తలపన్ను పెట్టారు. ఇది అందరికీ తెలిసిన తాళం. అదే కాగితంలో ఇంకో తాళం కూడా ఉంది. ఆస్తిపన్నుకి పైకప్పు వేశారు. కౌంటీలకి సొంత అధికారం లేకుండా అంతా రాజధాని మాంట్‌గొమరీలో కట్టిపెట్టారు. ఈ రెండో తాళాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అసలు కథ అక్కడుంది.

నల్లజాతి మహా పండితుడు డుబోయిస్ 1906లో ఈ కౌంటీకి వచ్చాడు. కేంద్ర ప్రభుత్వ కార్మికశాఖ బ్యూరో కోసం ఇంటింటికీ మనుషుల్ని పంపి భూమి, అప్పు, కూలి, కాపురం అన్నీ లెక్క రాయించాడు. నివేదిక ఇచ్చాడు. ప్రభుత్వం దాన్ని అచ్చు వెయ్యలేదు. రాజకీయ విషయాలు ముట్టుకున్నాడని సాకు చెప్పింది. తర్వాత ఆ రాతప్రతినే నాశనం చేసింది. లెక్కంటే ఎందుకంత భయం? భూమి ఎవరిదో, అప్పు ఎవరికో ఒక కాగితం మీదికొస్తే మట్టి మీద నేరం మోపటం కుదరదు గాబట్టి! ఈ డుబోయిస్‌కే 1946లో మన బాబాసాహెబ్ ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి పెడుతున్న మహజరు ప్రతి కావాలని అడిగాడు. ఆయన జవాబూ రాశాడు. మనకీ వాళ్ళకీ చుట్టరికం కొత్తగా కలుపుతున్నది కాదు.

1935లో ఈ కౌంటీలో పత్తి తీసే కూలీలు రేటు పెంచమని సమ్మె కట్టారు. కొట్టారు, కాల్చారు, చంపారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఊరంతా నోరు కట్టేసినట్టే ఉంది. 'నెత్తుటి లౌండ్స్' అని పేరు వచ్చింది ఊరికే కాదు.

చిరుత ఎట్లా పుట్టింది?

1965 మార్చి మొదటికి పరిస్థితి ఇది. జనంలో నూటికి ఎనభై మంది నల్లవాళ్ళు. ఓటర్ల జాబితాలో నల్లవాళ్ళు సున్నా. ఒక్కరంటే ఒక్కరు లేరు. తెల్లవాళ్ళలో మాత్రం ఓటుకి అర్హులైనవాళ్ళ కంటే జాబితాలో పేర్లే ఎక్కువ! చచ్చినవాళ్ళూ, ఊరొదిలిపోయినవాళ్ళూ ఓటర్లే. 86 తెల్ల కుటుంబాల చేతిలో 90 శాతం భూమి ఉందని అప్పటి ఉద్యమకారులు లెక్కగట్టారు.

ఆ మార్చి 21 నుంచి 25 దాకా మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో సెల్మా నుంచి మాంట్‌గొమరీకి యాత్ర నడిచింది. అందరూ ఆ యాత్ర బొమ్మలు చూసే ఉంటారు. ఆ దారి సగానికి పైగా ఈ కౌంటీలోంచే పోతుంది, 80వ నంబరు రోడ్డు మీద. యాత్ర అయిన రాత్రే వయోలా లియుజో అనే తెల్ల ఇల్లాల్ని, అయిదుగురు పిల్లల తల్లిని, యాత్రికుల్ని కారులో చేరవేస్తున్నందుకు ఈ రోడ్డు మీదే కాల్చి చంపారు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆగస్టు 20న కౌంటీ ముఖ్యపట్టణం హెయిన్‌విల్‌లో జోనథన్ డేనియల్స్ అనే తెల్ల క్రైస్తవ విద్యార్థిని పట్టపగలు తుపాకీతో కాల్చారు. పదిహేడేళ్ళ నల్లపిల్ల రూబీ సేల్స్‌కి గురిపెడితే అడ్డం పోయి ప్రాణమిచ్చాడు. కాల్చినవాణ్ణి అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. లియుజో కేసులోనూ హెయిన్‌విల్ కోర్టులో హత్యానేరం నిలబడలేదు. కేంద్ర కోర్టులో హక్కుల భంగం కింద పదేళ్ళ శిక్ష పడింది, అంతే.

చుండూరు గుర్తొస్తుందా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోర్టు భవనం వేరే దేశంలో ఉంటే ఏంటి?

యాత్ర వెళ్ళిపోయింది. టీవీ కెమెరాలు వెళ్ళిపోయాయి. స్టోక్లీ కార్మైకేల్, ఇంకొందరు విద్యార్థి కార్యకర్తలు మాత్రం కౌంటీలోనే ఆగిపోయారు. నల్లవాళ్ళ ఇళ్ళలోనే తిన్నారు, అక్కడే పడుకున్నారు. జాన్ హ్యూలెట్ లాంటి స్థానిక పెద్దలు ముందు నడిచారు. రెండు పార్టీల్లో దేని తోకా పట్టుకోకుండా 1966లో సొంత పార్టీ పెట్టుకున్నారు. అలబామాలో పాలక డెమొక్రాటిక్ పార్టీ గుర్తు తెల్లకోడిపుంజు. దాని పైన 'తెల్లవాళ్ళ ఆధిపత్యం' అనే నినాదం 1966 దాకా అచ్చయ్యేది. కోడిపుంజుకి ఎదురుగా వీళ్ళు నల్లచిరుతని పెట్టారు. చదువురానివాళ్ళు బొమ్మ చూసి ఓటెయ్యాలి గదా.

మా పంతుళ్ళకి బాగా నచ్చే విషయం ఇంకోటుంది. ఆ కార్యకర్తలు బొమ్మల పుస్తకాలు వేశారు. షెరీఫ్ అంటే ఎవరు, అతని పని ఏంటి. పన్ను మదింపు అధికారి ఎవరు, అతని చేతిలో ఏముంటుంది. శవపంచాయితీ చేసే అధికారి అబద్ధం రాస్తే ఏమవుతుంది. కూలీకి అర్థమయ్యే బొమ్మలు, నాలుగు ముక్కల మాటలు. "ఓటెయ్యండి" అని చెప్పి ఊరుకోలేదు. ఏ కుర్చీకి ఏ అధికారం ఉందో ముందు నేర్పారు. పన్ను మదింపు అధికారిగా పోటీ చేసిన ఆలిస్ మూర్ అనే నల్లామె సూటిగా చెప్పింది: ఉన్నవాళ్ళ మీద పన్నేస్తాను, లేనివాళ్ళకి కూడు పెడతాను అని. ఆమె అసలు తాళాన్ని గుర్తుపట్టింది. అందుకే చెప్తున్నాం, ఆమె పేరు గుర్తుంచుకోండి.

ఆసాములు ఊరుకుంటారా? ఓటు నమోదు చేయించుకున్న పాలికాపుల్ని 1965 చలికాలంలో ఇళ్ళలోంచి గెంటేశారు. ఆ కుటుంబాలు 80వ నంబరు రోడ్డు పక్కన గుడారాలేసుకున్నాయి. రాత్రిపూట గుడారాల మీదికి తుపాకులు పేల్చారు. రెండేళ్ళకి పైగా ఆ గుడారాల్లోనే నిలబడ్డారు. 1985లో కారంచేడు నుంచి వచ్చి చీరాలలో శిబిరం వేసుకున్న మనవాళ్ళని తలుచుకోండి. మంచినీళ్ళ చెరువులో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైన దాడి అది. నీళ్ళూ, మురుగూ చిన్న విషయాలని ఎవడన్నా అంటే వాడికి కారంచేడు చెప్పండి.

1966 నవంబరులో చిరుత పార్టీ తరఫున నిలబడ్డ ఏడుగురూ ఓడిపోయారు. ఆసాములు తమ పాలికాపుల్ని లారీల్లో తోలుకొచ్చి ఓట్లేయించారు. అయినా వదల్లేదు. 1970లో జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచాడు. ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు. నల్లవాణ్ణి చూస్తే లాఠీ ఎత్తే ఆఫీసులో నల్లవాడు కూర్చున్నాడు. ఇది చిన్న గెలుపు కాదు. దీన్ని తక్కువ చేసేవాళ్ళతో మేం కలవం.

కుర్చీ వచ్చింది, పెట్టె ఖాళీ

మరి యాభై ఏళ్ళ తర్వాత కూడా మురుగు ఇంటి వెనకే ఎందుకుంది?

భూమి చేతులు మారలేదు గాబట్టి. యంత్రాలొచ్చి పత్తి కూలి పోయింది. చేలు పశువుల బీళ్ళయినాయి, కలప అడవులయినాయి. పనుల్లేక జనం వలసపోయారు. 1900లో ముప్ఫై అయిదు వేల మంది ఉన్న కౌంటీలో ఇప్పుడు పదివేలు. అడవి ఉన్నవాడి మీద పన్ను వేద్దామంటే? 1901 తాళం ఉంది. 1978లో దాని మీద ఇంకో గొళ్ళెం పెట్టారు. పొలానికీ, కలప అడవికీ మార్కెట్ ధర మీద కాకుండా వాడకం విలువ మీదే పన్ను లెక్కగట్టుకోవచ్చని. అమెరికాలో ఆస్తిపన్ను బాగా తక్కువున్న రాష్ట్రాల్లో అలబామా ఒకటి. పెంచాలంటే కౌంటీ ఒక్కటే అనుకుంటే కుదరదు, మాంట్‌గొమరీ ఒప్పుకోవాలి. 2022లో ఆ రాజ్యాంగంలో జాత్యహంకారపు మాటలు తీసేసి కొత్తగా అచ్చు వేశారు. మాటలు తీశారు, తాళం తియ్యలేదు!

కాబట్టి "నల్లవాళ్ళే పాలిస్తున్నారు గదా, తప్పు వాళ్ళదే" అనే వాదన చెల్లదు. ఇనప్పెట్టె ఖాళీ చేసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని, కుర్చీ మాత్రం వదిలి వెళ్ళారు.

మురుగు కథ ఇది. పట్టణాల్లో సర్కారు గొట్టం వేస్తుంది. పల్లెల్లో ఎవరికి వాళ్ళే సెప్టిక్ ట్యాంకు కట్టుకోవాలి. ఆ మట్టిలో మామూలు ట్యాంకు పనిచెయ్యదు. మట్టి దిబ్బ పోసి కట్టే రకం కావాలి. దానికి పది, ఇరవై వేల డాలర్లు, అంతకు పైన కూడా అవుతుంది. రేకుల బండి ఇంట్లో ఉండే మనిషి ఎక్కణ్ణించి తెస్తాడు? తేలేకపోతే అది నేరం! చట్టం కింద కేసు పెడతామన్నారు, అరెస్టులన్నారు. బీదరికం నేరమైంది. ఈ కౌంటీ బిడ్డే అయిన కాథరిన్ కోల్మన్ ఫ్లవర్స్ ఇరవై ఏళ్ళకి పైగా దీని మీద కొట్లాడుతోంది. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో 55 మందిని పరీక్షిస్తే 19 మందిలో కొంకిపురుగు జాడ దొరికింది. మురుగు నేలలో వట్టికాళ్ళతో నడిస్తే పాదంలోంచి ఎక్కి పేగులో నెత్తురు తాగే పురుగు అది. అమెరికాలో ఎప్పుడో పోయిందనుకున్నారు.

2021లో కేంద్ర న్యాయశాఖ విచారణ మొదలుపెట్టింది. 2023 మేలో రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం రాయించింది. కేసులు పెట్టటం ఆపాలి, ఇంటింటికీ మురుగు ఏర్పాటు చూడాలి అని. 2025 ఏప్రిల్‌లో కొత్త సర్కారు ఆ ఒప్పందాన్నే రద్దు చేసేసింది. జాతి పేరుతో పక్షపాతం పనికిరాదంట! పక్షపాతంతో తవ్విన గుంటని పూడ్చమంటే అది పక్షపాతమైంది. రిజర్వేషన్ల మీద మన ఊళ్ళో వినే మాటే గదా ఇది?

గుడారాలు వేసిన చోట ఇప్పుడు సర్కారువారి మ్యూజియం ఉంది. చల్లటి గదుల్లో బొమ్మలు చూపిస్తారు. పోరాటానికి అద్దాల గది కట్టారు, పోరాడినవాళ్ళ మనవళ్ళకి మురుగు కాలవ కట్టలేదు. విగ్రహానికి దండేసి, వాడకి నీళ్ళు కట్టేసేవాళ్ళని మనం చూళ్ళేదా?

మనలో రెండు వాదాలు

మన సంఘాల్లో ఒక వాదం ఉంది. ఓటు బూటకం, పదవులు మోసం అని. వాళ్ళు లౌండ్స్ గుడారాల ముందు నిలబడి ఆ మాట అనగలరా? ఓటు బూటకమైతే దాన్ని అడిగినందుకు ఇల్లెందుకు లాక్కున్నారు? ప్రాణాలెందుకు తీశారు?

ఇంకో వాదం ఉంది. రాజ్యాధికారం వస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి అని. వాళ్ళకి లౌండ్స్ యాభై ఏళ్ళ లెక్క చూపిస్తున్నాం. వాటంతటవి ఏవీ రావు. భూమి అడగాలి, పన్ను అడగాలి, నీళ్ళు అడగాలి, పేరు పెట్టి అడగాలి. 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇదే. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం పక్కపక్కన ఎక్కువకాలం నడవవని. అంతకు ముందే 1947లో భూమి రాజ్యం చేతిలో ఉండాలని రాసిచ్చాడు. ఆ రెండు మాటల్నీ విడదీసి, తమకి కావాల్సిన ముక్క పట్టుకునేవాళ్ళు ఆయన్ని సగమే చదివినట్టు.

కార్యకర్తలకి మేం చెప్పేది ఒక్కటే. డుబోయిస్ నివేదికని నాశనం చేసినవాళ్ళు మన ఊరి లెక్కని మనం రాసుకోకుండా ఆపలేరు. ప్రతి ఊళ్ళో ఒక పటం గియ్యండి. ఊరు ఎటుంది, పల్లె ఎటుంది. పల్లం ఎటు, మురుగు ఎటు పారుతోంది. మంచినీళ్ళ గొట్టం ఎక్కడ ఆగింది. పక్కనే రాయండి: ఎన్ని ఎకరాలు ఎవరి పేరున, పట్టా కాగితం ఎవరి దగ్గర, దున్నేది ఎవరు, పంచాయతీకి వచ్చే డబ్బెంత, మన సర్పంచి సంతకం లేకుండా ఎవరు ఖర్చు పెడుతున్నారు. మనవాడు సర్పంచిగా గెలిచిన ఊళ్ళో అయితే ఇంకా ముందు రాయండి. చదువురానివాళ్ళకి బొమ్మలేసి చూపించండి. పదో తరగతి పిల్లలు ఈ పని చెయ్యగలరు, మేం చేయించగలం. ఆ పటం పట్టుకుని గ్రామసభలో నిలబడండి.

అప్పుడు ఏ అధికారన్నా లేచి మీ వాడ పల్లంలో ఉంది, మట్టి మంచిది కాదు, నీళ్ళు నిలుస్తాయి అంటే ఒకటే అడగండి: మమ్మల్ని పల్లంలో పెట్టింది ఎవరయ్యా?

జై భీమ్.